మూడో మడి తర్వాత

ఏడేళ్ళుగా నేనొక మాటను మోస్తున్నాను. ‘లేదు’ అన్న మాట. ఒక పగటిపూట, నా కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎదురుగా నిలబడిన మనిషితో అన్నాను. గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వణికితే ఆమె ఇంకోసారి అడిగేదేమో. ఇంకోసారి అడిగితే నేను నిజం చెప్పేవాణ్ణా? తెలియదు. చెప్పేవాణ్ణని మీతో అనడం తేలిక. అందుకే అనను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయడం లేదు. ‘భయపడి కాదు’ అని మొదట రాశాను, తర్వాత కొట్టేశాను. భయపడే. మిగిలిన ఇద్దరి పేర్లు మార్చాను.

మాది బస్తర్‌లో, భోపాల్‌పట్నం చుట్టుపక్కల కొన్ని ఊళ్ళ మీద పెత్తనం చేసిన ఇల్లు. ఇప్పుడు ఆ ఇంట్లో వాన కురవని గదులు రెండే మిగిలాయి. నేను బస్టాండు పక్కన ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. కులం సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, పరీక్షల ఫారాలు. నేను దాన్ని కార్యాలయం అంటాను. జనం దుకాన్ అంటారు. ఎవరి తాతలైతే మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డారో, వాళ్ళ మనవలు నా ఎదుట కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, “దొరా, జర జల్దీ కానియ్యుండ్రి, బస్సు పోతది” అంటారు. దొర అన్న పిలుపు మిగిలింది. అందులో మర్యాద ఎంతో, అలవాటు ఎంతో, ఎగతాళి ఎంతో నేను తరచి చూడలేదు. చూడకపోవడంలోనే నా గౌరవం నిలబడి ఉందని నాకు తెలుసు.

ఆ సెంటర్లోంచే ఇంటర్నెట్‌లో ఒక వీడియో ఛానల్ మొదలుపెట్టాను. పేరు ‘రెండొడ్లు’. మా సరిహద్దు నదికి ఇటువైపు బస్తర్, అటువైపు తెలంగాణ, రెండు ఒడ్ల మీదా తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళందరినీ ఒకచోట కలుపుతానని పైకి చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ మొదటి కోరిక వేరు. మా ఇంటి చరిత్ర చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో మిగిలిన కత్తులు, ఉత్తరాలు, తాతగారి జేబు గడియారం ఒక్కొక్కటీ చూపిస్తూ నేను మాట్లాడతాను, జనం వింటారు. అదీ ఊహ.

జనం వినలేదు. తమవి పంపడం మొదలుపెట్టారు.

అలా పద్ధతి దానంతటదే ఏర్పడింది. వీడియోలు వరసగా పేర్చిన జాబితాను మేము దండ అనేవాళ్ళం. ఎవరైనా ఒక దండ కట్టుకోవచ్చు. వీడియోలు తామే తీయనక్కర్లేదు. ఊళ్ళో ఎవరు తీసినా సరే, ఏది ఉంచాలో, ఏది పక్కన పెట్టాలో, దేని తర్వాత ఏది రావాలో దండ కట్టేవాళ్ళ ఇష్టం. బీజాపూర్ బస్సు కండక్టర్ ఒకతను వానాకాలం ఏ వాగు పొంగింది, ఏ కల్వర్టు కొట్టుకుపోయింది అన్న వీడియోలతో దండ కట్టాడు. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు దాన్ని చూసి బయలుదేరేవారు. బచేలీ గనుల క్వార్టర్స్‌లో ఉండే శ్రీకాకుళం ఆవిడ ఒకరు మా అడవి కూరల వంటలన్నీ ఏరి దండ కట్టి, ప్రతిదాని కింద తన తగువు రాసేది: ‘మేమైతే ఇందులో బెల్లం ఏస్తామండి, మీరు ఎయ్యరేటండి?’ దానికి నది అవతలి నుంచి జవాబు: ‘బెల్లం ఏస్తే గది కూర ఎట్లైతది అక్కా, పాయసమైతది.’ ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఆ తగువుల్లోనే చుట్టాలయ్యారు. ఒకరికి ఒంట్లో బాగా లేకపోతే ఇంకొకరు అడిగేవారు. నా దండ కింద మాత్రం ఎవరూ తగువు పడలేదు. ‘బాగుంది దొర’ అని రాసి వెళ్ళిపోయేవారు.

ఒక సంగతి మీకు బాగా అర్థం కావాలి. దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. చాలా ఊళ్ళలో సిగ్నల్ ఉండేది కాదు. పెద్ద వీడియో ఎక్కించడం ఎవరివల్లా అయ్యేది కాదు. అందుకని సంత రోజున తమ ఫోన్లలోని మెమరీ కార్డులు తీసి, కొంగు మూలన ముడేసుకునో, బీడీల కాగితంలో చుట్టుకునో నా దగ్గరికి తెచ్చేవారు. నేను కార్డులో ఉన్నది నా కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కార్డు ఖాళీ చేసి, సాయంత్రం బస్సుకు తిరిగి ఇచ్చేవాణ్ణి. తర్వాత లైను బాగున్నప్పుడు ఛానల్లో పెట్టేవాణ్ణి. ఖాళీ చేయడం నేను పెట్టిన నియమమే. చిన్న కార్డులు, రెండు వీడియోలకే నిండిపోయేవి. “కార్డు పోతుంది, ఫోన్ నీళ్ళలో పడుతుంది, ఛానల్లో ఉన్నది మాత్రం ఎక్కడికీ పోదు” అని అందరికీ చెప్పేవాణ్ణి. నమ్మారు. దొర చెప్పాడు కదా.

సుశీల అలాగే వచ్చింది. మా అడవుల్లో ఉండే దోర్ల ఆదివాసీల పిల్ల. పిల్ల అంటున్నాను గానీ అప్పటికే ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. వాళ్ళ ఊళ్ళో మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగి బాలింతలను, చంటిపిల్లలను చూసుకునే ఆరోగ్య కార్యకర్త. మందుల సంచితో ఆమె వెళ్ళని గుమ్మం లేదు. ఆ గుమ్మాల్లో విన్న పాటలన్నీ ఫోన్లో పట్టి దండ కట్టింది. తిరగలి విసురుడు పాటలు, జోల పాటలు, ఇప్పపూల పాటలు. కొన్ని వాళ్ళ దోర్లీ భాషలో, కొన్ని మా సరిహద్దు తెలుగులో. ఛానల్ మొత్తంలో ఎక్కువమంది చూసేది ఆమె దండనే. కిరందుల్ గనుల్లో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగి వచ్చి వినేవారట. నేను పైకి మెచ్చుకున్నాను. ప్రతి ఉదయం కార్యాలయం తెరవగానే మొదట చేసే పని మాత్రం ఆమె దండ కింది సంఖ్యను, నా దండ కింది సంఖ్యను పోల్చి చూసుకోవడం. ఆ వయసులో, ఆ ఇంట్లో పుట్టి. రాయడానికి సిగ్గుగా ఉంది. ఉండనివ్వండి.

ఆ ఏడాది నాట్లప్పుడు సుశీల వాళ్ళ నాయనమ్మ పాటను తెచ్చింది. ఆమెను లచ్చవ్వ అంటాను. నాట్లలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఒక్క మనిషే. మిగతా ఆడవాళ్ళు నడుం వంచి నారు గుచ్చుతూ పల్లవి అందుకుంటారు. వాళ్ళ వరసల్లో లచ్చవ్వ ఆఖరి పాటకత్తె. ఒక్కో మడికి ఒక్కో చరణం. నలభై నిమిషాల పాట. మొదటి మడి, రెండో మడి అందరూ విన్నవే. మూడో మడి మధ్య నుంచి ఎవరూ వినలేదు. ఆ తర్వాతిది లచ్చవ్వ బయట పాడేది కాదట. మనవరాలు అడిగిందని ఆ ఒక్కరోజు మొత్తం పాడింది.

వీడియోలో మోకాళ్ళ దాకా బురదలో ఉన్న కాళ్ళు, వంగిన వీపులు, నడుమ ఒక ముసలి గొంతు. నేను ఎక్కించేటప్పుడు వినలేదు. పదకొండు వీడియోల్లో అదొకటి. వినకుండానే ఛానల్లో పెట్టాను.

వారం తిరక్కుండానే నా దండ కింద మొదటిసారి తగువు మొదలైంది. తాతగారి గడియారం వీడియో కింద ఎవరో రాశారు: ‘గీ గడియారమేనా లచ్చవ్వ పాటల ఉన్నది?’ ఇంకొకరు: ‘ఇంకేది మరి, ఊరికి ఒక్కటే గడియారముండె అప్పట్ల.’ నవ్వు బొమ్మలు.

అప్పుడు విన్నాను. మూడో మడి మధ్యలో మా తాతగారు ఉన్నారు. పేరు లేదు. దొర అని ఉంది, జేబులోంచి తీసి చూసిన గడియారం ఉంది, గట్టు మీద పడుకోబెట్టిన ఒక చంటిబిడ్డ ఉంది, పాలివ్వడానికి లేవబోయిన తల్లి ఉంది. ఆ తల్లి లచ్చవ్వ తల్లేనని వీడియో కింద ఊరివాళ్ళు రాశారు. బిడ్డ లచ్చవ్వకు అన్న. ఆ నాలుగు పాదాలు ఇక్కడ రాయలేను. రాయాలి, తెలుసు. కాసేపు ఆగండి.

నా వీడియోలో నేనేం చెప్పానో ఊహించండి. ‘మా తాతగారు సమయమంటే ప్రాణం పెట్టేవారు.’ ఆ వాక్యం నేనే రాసుకుని, రెండుసార్లు సాధన చేసి చెప్పాను.

పాటలో ఉన్నది అబద్ధమని ఒక్క క్షణమైనా అనుకున్నానా? లేదు. అదే విచిత్రం. అబద్ధమనిపిస్తే కోపంతో ఏదో జవాబు రాసేవాణ్ణి. నిజమని వినగానే తెలిసింది. తాతగారి గురించి మా నాయనమ్మ ఒక్కసారి ఏదో అనబోయి ఆగిపోవడం, మా నాన్న ఆ గడియారానికి ఒక్కనాడూ కీ ఇవ్వకపోవడం, అవన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అర్థమైనందుకే భరించలేకపోయాను.

తర్వాత ఆటోవాళ్ళు మొదలుపెట్టారు. పాటలోని ముక్క కోసి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకున్నారు. స్టేటస్‌లో పట్టేది కొంచెమే కదా, గడియారం మాట వచ్చి, బిడ్డ మాట పూర్తి కాకముందే తెగిపోయేది. వాళ్ళకు అది నవ్వులాటే. నేను బస్టాండులో నడుస్తుంటే ఒకడు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, చాలా వినయంగా, “దొరా, టైం ఎంతైంది?” అనేవాడు. పక్కవాడు, “ఆగురా, ఇంకా ముల్లు తిరగలే” అనేవాడు. నేను తల తిప్పకుండా నడిచేవాణ్ణి. వీపు వంచలేదు. మా ఇంట్లో నేర్పింది ఆ ఒక్కటే.

పన్నెండో రోజున వీడియో తీసేశాను. ఛానల్ తాళాలు నా దగ్గరే కదా. ఎవరు అడిగినా, “వీడియోల కంపెనీవాళ్ళు తీసేశారు, ఎవరో ఫిర్యాదు చేశారట” అన్నాను. అంతకుముందు పెళ్ళి ఊరేగింపుల వీడియోలు రెండు మూడు, వెనకాల సినిమా పాట వినపడిందని నిజంగానే పోయాయి. కాబట్టి నమ్మారు. బచేలీ ఆవిడ మాత్రం రాసింది: ‘అయ్యో, మా అమ్మ కూడా ఉడుపులప్పుడు ఇలాగే పాడీదండి. నేను సగమే విన్నాను. మళ్ళీ పెట్టండి బాబూ.’ దానికి నేను ఒక నమస్కారం బొమ్మ పెట్టాను.

అక్కడితో ఆగి ఉంటే? పరువు కోసం ఒక వీడియో దాచిన మనిషిని అయ్యేవాణ్ణి. తప్పే. కానీ దిద్దుకోదగిన తప్పు. ఎందుకంటే నా కంప్యూటర్లో పాట అలాగే ఉంది. తీసేయలేదు. ఎందుకు ఉంచానో సరిగ్గా చెప్పలేను. రోజూ వినేవాణ్ణి. తలుపు దగ్గరకు వేసి, ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని. మా ఇంటి గురించిన ఆ నాలుగు పాదాలు వచ్చేదాకా వినడం, అవి రాగానే ఆపేయడం. మర్నాడు మళ్ళీ.

చలికాలంలో లచ్చవ్వ పోయింది.

వాళ్ళ ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పాట ఎత్తుకునే ఆమె పోతే, దినాల రోజున ఆడవాళ్ళందరూ కూర్చుని ఆమె పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పాడతారు. అప్పుడు ఆ పాట ఇంకొకరికి చేరుతుంది. చేరినవాళ్ళే వచ్చే నాట్లకు ఎత్తుకోవాలి. సగం పాటను అప్పజెప్పరు. సగం పాట తీసుకున్నవాళ్ళు మడిలో దిగరు.

దినాలకు ఇంకా రెండు రోజులుందనగా సుశీల నా దగ్గరికి వచ్చింది. సంత రోజు కాదు. మధ్యాహ్నం, కార్యాలయంలో ఎవరూ లేరు. భుజాన మందుల సంచి ఉంది.

“దొర, మీతోని పని పడ్డది.”

“కూర్చో. ఏమిటి?”

“కూసునుడు గాదు. మా అవ్వ పాట కావాలె. ఎల్లుండి దినాలు. నాకే అప్పజెప్తరంట.”

“కంపెనీవాళ్ళు తీసేశారని చెప్పాను కదా.”

“ఛానల్ల తీసేసిండ్రు, ఎర్కే. నేను కార్డు ఇచ్చిన్నాడు ఇందులకే గదా ఎక్కిచ్చుకున్నరు,” అని నా కంప్యూటర్ వైపు గడ్డంతో చూపించింది. “గిందుల ఏ మూలనన్న ఉంటదేమోనని వచ్చిన.”

“ఛానల్లో పెట్టాక ఇందులోంచి తీసేస్తాను. స్థలం చాలదు.”

“అన్నీ తీసేస్తరా?”

“అన్నీ.”

“మీ తాత తల్వార్లు, తలపాగలు గూడ?” అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపి, కొంచెం ముందుకు వంగింది. “తప్పు నాదే దొర. రికార్డు అయితాంది గదా అని నేను చెవి పెట్టలే. ఫోన్ కదలకుంట పట్టుకునుడే నా ధ్యాస. మూడో మడి దాంక యాదికున్నది, అటెంక ఏం పాడిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఎంట నాటినోళ్ళకు పల్లవే యాదికున్నది, ఛానల్ల చూసినోళ్ళు ఎవ్వలు దాసుకోలే. కార్డుల ఉన్నదనుకున్న. కార్డు ఖాళీ అయినంక ఛానల్ల ఉన్నదనుకున్న. ఒక్కసారి ఎతుకుండ్రి.”

“లేదు సుశీలా. నా దగ్గర లేదు.”

“చూడకుంటనే లేదంటున్నరు.”

“చూడనక్కర్లేదు. నా మాట చాలదా?”

ఆమె నన్ను కాసేపు చూసింది. అనుమానంగా కాదు. అనుమానంగా చూసి ఉంటే నాకు ఇవాళ కొంచెం సుఖంగా ఉండేది.

“చాలు దొర,” అంది. “మా అవ్వ మీ ఇంటోళ్ళ గురించి ఒక మాట అంటుండె. కొట్టిండ్రు, తిట్టిండ్రు, ఎట్టి చాకిరి చేయించుకున్నరు, గాని అబద్ధమైతే చెప్పలే బిడ్డా అని. మీరు లేదంటే లేదు.”

సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మిగతాదంతా ఎవరైనా ఊహించగలరు. ఇది ఊహించలేరు. పిలవాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను, కుర్చీలోంచి సగం లేచాను కూడా. పిలిస్తే ఏం చెప్పాలి? ‘ఉంది, కానీ లేదన్నాను’ అని. అంటే అబద్ధం చెప్పానని. మా ఇల్లు కూలింది, పొలాలు పోయాయి, మనుషులు చెదిరిపోయారు. మా చేతుల్లో అంత నలిగిన ఆ ముసలమ్మ, మాకు విడిచిపెట్టి పోయిన గౌరవం ఒకే ఒక్కటి. మేము అబద్ధం చెప్పమని. అది కూడా పోతుందా?

అప్పుడు నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారేమో. నవ్వితే మంచిదే. లేవబోయినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. ఆ వీడియోను కంప్యూటర్లోంచి తీసేశాను. చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. నిజంగా తీసేయమంటావా అని అది అడిగింది. అవును అన్నాను.

నా మాట నిజమైంది. నా దగ్గర లేదు.

నా తర్కం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. అబద్ధం చెప్పిన మనిషి రెండు పనులు చేయొచ్చు. మాట వెనక్కి తీసుకోవచ్చు, లేదా లోకాన్ని తన మాటకు తగ్గట్టు సవరించొచ్చు. మా వాళ్ళు ఎప్పుడూ రెండోదే చేశారు. తాతగారు గడియారం చూసి ఇంకా సమయం కాలేదన్నారు. సమయం అంటే వారు చెప్పిందే కదా. నేను లేదన్నాను. లేకుండా చేశాను. ఆ రోజు నాకు బాధ కలగలేదని చెబితే నమ్ముతారా? తేలికగా అనిపించింది. బయటికి వచ్చి చూస్తే సుశీల ఇంకా జీపు కోసం నిలబడి ఉంది. నన్ను చూసి చేయి ఎత్తింది. నేనూ ఎత్తాను.

దినాల రోజున పాట అప్పజెప్పలేదు. మూడో మడి దాకా పాడి ఊరుకున్నారట. ఆ తర్వాతి నాట్లకు వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఫోన్లో సినిమా పాటలు పెట్టుకుని నాటారని సుశీలే చెప్పింది. ఫిర్యాదుగా కాదు, కబురుగా.

ఆమె మాత్రం వదల్లేదు. ‘దొరికినంత’ అని ఒక కొత్త దండ మొదలుపెట్టింది. నది అవతల లచ్చవ్వ ఈడు ముసలివాళ్ళు ఎక్కడున్నా వెళ్ళి, ఆ పాటలో ఒక్క పాదం గుర్తున్నా ఫోన్లో పట్టి తెచ్చేది. కింద అందరూ తర్జనభర్జన పడేవారు. ‘కోడలా అని వస్తది అక్కడ’ అని ఒకరు. ‘కాదు, చెల్లెలా’ అని ఇంకొకరు. కోడలా అన్నదే సరైనది. నాకు తెలుసు. ఏడేళ్ళుగా తప్పు అతుకులు వేసుకుంటుంటే చూస్తూ, ప్రతి వీడియోకూ నా చేత్తోనే తాళం తీసి లోపలికి పంపిస్తూ, ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే ఎలా తెలుసు అంటారు.

పోయినేడు బీజాపూర్‌లో ఒక సభ పెట్టి నాకు శాలువా కప్పారు. పోయే గొంతులను నిలబెట్టినందుకట. సుశీల మాట్లాడింది. “దొర లేకుంటే మా పాటలు మా మళ్ళు దాటకపోయేటివి” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కింద నా వీపు నిటారుగానే ఉంది. ఆ వీపును నేను అసహ్యించుకోవడం ఆ రోజు మొదలైంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన సంతకు సుశీల మళ్ళీ వచ్చింది. కాస్త నెరిసింది. ఈసారి చెప్పకుండానే కూర్చుంది. ఇంక వెతకడం ఆపేస్తామంది. ముసలివాళ్ళందరూ పోయారు. ఆడవాళ్ళు మాట్లాడుకుని ఒక తీర్మానం చేశారట: దొరకని భాగాన్ని కొత్తగా రాయించుకుని, ఈ నాట్లకు ముందే పాట పూర్తిచేసి ఆమెకు అప్పజెప్పాలని.

“పాత మాటలు మీకే తెలుసు దొర. మీరే రాసియ్యాలె. గడియారం ముచ్చట గూడ ఉండాలె, కోపం తెచ్చుకోవద్దు. గది మా అవ్వోళ్ళ అన్న ముచ్చట. అటెంక ముగింపు గూడ మీ ఇష్టం.”

నేను తల ఊపాను. అవును, ఊపాను.

ఆమెకు తెలుసా? తెలిసే నన్ను అడిగిందా? వారం రోజులుగా ఇదే ప్రశ్న. ఆమె ముఖం గుర్తు చేసుకుంటే అందులో ఏమీ దొరకదు. తెలిసి అడిగితే అది శిక్ష. తెలియక అడిగితే ఇంకా పెద్ద శిక్ష. పాట రాద్దామని తెల్లకాగితం ముందు పెట్టుకున్నాను. ఇది ఆ కాగితమే. నా మాటలు లచ్చవ్వ మాటలుగా ఆ ఆడవాళ్ళు మడిలో వంగి పాడుకోవడం, మా ఇంటి మనిషి మళ్ళీ వాళ్ళ నోట ఏం రావాలో నిర్ణయించడం, అది నా చేతకాలేదు. నా జీవితంలో చేతకానందుకు సంతోషించిన పని ఇదొక్కటే.

లచ్చవ్వ పాడిన నాలుగు పాదాలు ఇవి. ఒక్క మాట కూడా నాది కాదు.

మూడో మడి గట్టు మీద ముంతంత బిడ్డ
పాలకేడ్చె, పాలకేడ్చె, పలుకకే కోడలా
ముల్లు తిరిగినంక లెమ్మని దొర గడియారం జూసె
ముల్లు తిరిగె, బిడ్డ సల్లబడె, నాటు ఆగకపాయె

ఈ కాగితాన్ని రేపు సుశీల చేతికి ఇస్తానా? ఇస్తానని రాయలేను. నా మాట మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. మీకు చెప్పాను. ఇప్పటికి అదొక్కటే చేశాను. క్షమాపణ అడగను. అడిగే అర్హత గురించి కాదు, ఇంకో కారణం ఉంది.

మీరు అడగొచ్చు, ఈ నాలుగూ ఇంత కచ్చితంగా గుర్తున్నాయి కదా, మిగతాది కూడా రాసి ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వలేను. ఆ తర్వాత పాట ఇంకా పది పదిహేను నిమిషాలుండేది. ఆ తల్లి తర్వాత ఏం చేసింది, ఎవరిని పిలిచింది, పాట ఎక్కడికి చేరి ముగిసింది, వాళ్ళు ఏడేళ్ళుగా వెతుకుతున్నది అదే. అది ఈ లోకంలో ఒక్కచోటే ఉండేది. నెలల తరబడి రోజూ నా చెవుల దాకా వచ్చింది. మా తాతగారి మాట అయిపోగానే నేను ఆపేసేవాణ్ణి. ఒక్కసారి కూడా, ఒక్క రోజు కూడా, ఆ తర్వాతిది వినలేదు.